కాంట్ పుస్తకానికి ముద్ర ఎవరు వేయాలి?

మతం గురించి తేల్చి చెప్పే హక్కు తత్వవేత్తకు ఉందా? ఇవాళ ఇది సెమినార్లలో నలిగే ప్రశ్న. 1792లో జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్‌కి మాత్రం, ఏ ఆఫీసులో ముద్ర వేయించుకుంటే పుస్తకం అచ్చవుతుందన్న ప్రశ్న.

కాంట్ ఉన్న జర్మన్ రాజ్యం ప్రష్యాలో ఈ తగాదా పాతదే. హాలే విశ్వవిద్యాలయంలో 1721లో తత్వవేత్త క్రిస్టియన్ వోల్ఫ్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. క్రీస్తు పేరే ఎరగని చైనావాళ్లు కూడా నీతిగా బతికారని కన్ఫ్యూషియస్‌ను చూపించి చెప్పాడు. దైవశాస్త్ర పండితులు భగ్గుమన్నారు. 1723లో రాజుగారి ఉత్తర్వు వచ్చింది: 48 గంటల్లో రాజ్యం వదలకపోతే ఉరి. 1740లో రెండో ఫ్రెడరిక్ గద్దెనెక్కాక గానీ వోల్ఫ్ తిరిగి రాలేదు.

కాంట్ ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఈ ఫ్రెడరిక్ హయాంలోనే గడిచింది. దేవుడున్నాడని గానీ లేడని గానీ సిద్ధాంతంతో రుజువు చేయలేమని 1781లో రాసినప్పుడు, ఆ పుస్తకాన్ని ఏకంగా మంత్రి జెడ్లిట్స్‌కే అంకితమిచ్చాడు. 1786లో రాజు పోయాడు. రెండేళ్లకు జెడ్లిట్స్ స్థానంలోకి వోల్నర్ వచ్చాడు. వస్తూనే మతంపై ఒక శాసనం, ఆ ఏడాది చివర సెన్సార్ శాసనం తెచ్చాడు.

మనిషిలోని చెడు మీద కాంట్ రాసిన మొదటి వ్యాసాన్ని బెర్లిన్ సెన్సార్ వదిలేశాడు. కాంట్‌ని చదివేది లోతైన పండితులే కదా, ఫర్వాలేదన్నది ఆయన లెక్క! రెండోదానికి మాత్రం అడ్డం తిరిగారు. కాంట్ వెనక్కి తగ్గలేదు. తన ఊరు కోనిగ్స్‌బర్గ్‌ విశ్వవిద్యాలయంలోని దైవశాస్త్ర శాఖకు వెళ్లి, ఇది మీ పరిధిలోకి వస్తుందా అని అడిగాడు. రాదన్నారు. అయితే ముద్ర వేయడానికి తత్వశాస్త్ర శాఖ చాలన్నమాట. యేనా విశ్వవిద్యాలయంలోని ఆ శాఖ ఆమోదం తీసుకుని, 1793లో మతం మీద తన పుస్తకం తెచ్చాడు.

లోపల సరుకు మామూలుది కాదు. నీతికి మతం పునాది కాదు, నీతే మతానికి దారి తీస్తుందన్నాడు. మంచి నడత తప్ప, దేవుణ్ణి మెప్పించడానికి మనిషి చేసేదంతా భ్రమ, దొంగ సేవ. ఆ దారిలో చూస్తే సైబీరియాలోని తుంగూస్ తెగ షామన్‌కీ (ఆత్మలతో మాట్లాడే పూజారికీ) ఐరోపా మతాధిపతికీ పద్ధతిలోనే దూరం, మూలసూత్రంలో కాదట. జీను పట్టీలు చేసే తండ్రి ఇంట, గాఢమైన ప్రొటెస్టెంట్ భక్తి మధ్య పెరిగిన మనిషి రాసిన మాటలివి.

1794 అక్టోబరులో కొత్త రాజు పేరుతో, వోల్నర్ సంతకంతో తాఖీదు వచ్చింది: లేఖనాల మూలబోధల్ని వక్రీకరిస్తున్నావు, ఇకపై జాగ్రత్త. కాంట్‌కి అప్పటికి 70 ఏళ్లు. తప్పు ఒప్పుకోలేదు. కానీ 'తమ అత్యంత విధేయుడైన ప్రజగా' మతంపై ఇక బహిరంగంగా మాట్లాడను, రాయనని మాటిచ్చాడు. ఎందరికో అది లొంగుబాటులాగే కనిపిస్తుంది. నాకైతే వకీలు రాసిన వాక్యంలా ఉంటుంది.

1797లో ఆ రాజు చనిపోయాడు. మరుసటి ఏడే కాంట్ విశ్వవిద్యాలయ శాఖల తగాదాపై పుస్తకం వేసి, ఆ తాఖీదునూ తన జవాబునూ ముందుమాటలో అచ్చేశాడు. 'విధేయుడైన ప్రజగా' అన్న మాట కావాలనే వాడానని, అది ఆ రాజు బతికున్నంత వరకే తనను కట్టేస్తుందని అడుగున ఒక నోట్ కూడా పెట్టాడు.

యేనాలో మాత్రం గాలి మారింది. కాంట్ పుస్తకానికి ముద్ర పడిన అదే విశ్వవిద్యాలయంలో, నాస్తికుడన్న ఆరోపణ మీద 1799లో తత్వవేత్త ఫిఖ్టే ఉద్యోగం పోయింది.