ఇచ్చేవాళ్లు కాదనగలరా: మూలకణాల గురించి పిల్లలకు ఉత్తరం

ప్రియమైన బిడ్డలకు,

మూలకణాలు, క్లోనింగ్ గురించి మీ సైన్సు పుస్తకంలో చదివే ఉంటారు. మూలకణాలంటే తమలాంటి కణాలనూ, వేరే రకాల కణాలనూ పుట్టించగల కణాలు. మన ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు కొన్ని ఇళ్లలో ఆ పాఠం రోజూ నడుస్తూనే ఉంటుంది. సికిల్‌సెల్ జబ్బుతో పుట్టిన పిల్లలు అక్కడ ఉన్నారు. ఆ జబ్బును వేళ్లతో సహా తీసేయగల వైద్యం మూలకణాలతోనే సాధ్యం కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

రక్తానికి మూలకణాలు ఎముకల లోపలి మజ్జలో ఉంటాయి. పెద్దవాళ్ల మజ్జలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు పుడతాయి. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. సికిల్‌సెల్‌లో హిమోగ్లోబిన్‌లోని ఒక్క అమైనో ఆమ్లం మారిపోయి, కణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని, 10 నుంచి 20 రోజులకే పగిలిపోతుంది. కాళ్లూ చేతులూ తట్టుకోలేనంత నొప్పి పుట్టేదీ, కళ్లు పచ్చబడేదీ అందుకే. హైడ్రాక్సీయూరియా మాత్ర నొప్పులను తగ్గిస్తుంది కానీ, ఆపకుండా వాడుతూనే ఉండాలి.

మజ్జనే మార్చాలంటే దాత కావాలి. తోబుట్టువైతే అన్నిటికంటే మేలు. మన కణాలేవో, పరాయివేవో ఒంటికి తెలిపే హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి కాబట్టి ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. రక్తం గ్రూపు వేరైనా పనవుతుంది. దాతకు హిమోగ్లోబిన్ జన్యువుల జంటలో ఒకదానిలోనే సికిల్ లోపం ఉంటే ఇవ్వవచ్చు, రెండింటిలోనూ ఉంటే ఇవ్వకూడదు.

ముందు బుసల్ఫాన్ లాంటి మందులతో రోగి పాత మజ్జను ఖాళీ చేస్తారు. దాతకు మత్తు ఇచ్చి, నడుము కింద వెనకవైపు ఎముకలోకి సూదులు దించి మజ్జ తోడతారు. దాత బరువులో కిలోకు 20 మిల్లీలీటర్లు మించకూడదు, అంటే 25 కిలోల పిల్ల నుంచి ఎక్కువలో ఎక్కువ అర లీటరు. దాన్ని రోగికి రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తే మూలకణాలు వాటంతటవే ఎముకల్లోకి చేరుకుంటాయి. కొత్త తెల్లకణాలు కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ మధ్యకాలమే గండం. ఒంట్లో కాపలా ఉండదు, గాలిలోని బూజు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఆ గండం గడిచాక కూడా కొత్త తెల్లకణాలు రోగి చర్మాన్ని, పేగులను, కాలేయాన్ని పరాయివనుకుని దాడి చేయవచ్చు. ముందు వాడిన మందుల వల్ల ఆ బిడ్డకు పెద్దయ్యాక సంతానం కలగకపోవచ్చు. ఈ సంగతి చికిత్సకు ముందే, అర్థమయ్యే మాటల్లో చెప్పించుకోవాలి.

ఇక దాత సంగతి. ఏడేళ్ల చెల్లె అన్నకు మజ్జ ఇవ్వాలనుకోండి. ఆ పిల్లకు ఏ జబ్బూ లేదు. అయినా మత్తు, సూదులు, కొన్ని రోజుల నడుము నొప్పి తను భరించాలి. తీసిన మజ్జ కొన్ని వారాల్లో మళ్లీ ఊరుతుంది, ప్రమాదం చాలా తక్కువ. కానీ ఆమె తరఫున సంతకం పెట్టేది అమ్మానాన్నలు, రోగికీ వాళ్లే అమ్మానాన్నలు. ఒక బిడ్డ చావు బతుకుల్లో ఉన్నప్పుడు ఇంకో బిడ్డ భయం ఎవరి చెవికెక్కుతుంది? అందుకే దాత మంచిచెడ్డలు చూడటానికి వేరే డాక్టరు ఉండాలంటాను. పరిశోధనల్లోనైతే ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలును కూడా అడగాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధనా మండలి) నియమం పెట్టింది. ఆసుపత్రుల్లోనూ ఇది పాటించాలి. మార్పిడి విఫలమైతే అది నీ తప్పు కాదని కూడా ఆ పిల్లకు ముందే చెప్పాలి. పెద్దవాళ్లు మరిచిపోయేది ఈ మాటే.

ఇంకో అడుగు ముందుకు వేస్తే ప్రశ్న మరింత బరువెక్కుతుంది. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉన్న అన్నకు సరిపోయే పిండాన్ని ప్రయోగశాలలో ఎంచి, ఆ పిండంతో పాపను కన్న కుటుంబం గుజరాత్‌లో ఉంది. ఆ పాప 2020లో, ఏడాదిన్నర వయసులో మజ్జ ఇచ్చింది, అన్న కోలుకున్నాడు. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టలేను. కానీ ఎంపిక కాని పిండాలేమయ్యాయి, పాపను పాపగానే పెంచుతున్నారా అని అడిగే హక్కు మనకుంది.

1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ మానవ పిండం నుంచి మూలకణాలను వేరు చేశాడు. ఐదారు రోజుల పిండంలో నూటికి అటూ ఇటూ కణాలుంటాయి. అవి ఏ అవయవ కణాలుగానైనా మారగలవు. కణాలు తీస్తే పిండం మిగలదు. పిండాన్ని 14 రోజులు దాటి పెంచకూడదని మన దేశంలోనూ నియమం ఉంది. 2006లో జపాన్‌లో యమనక ఎలుక చర్మ కణంలోకి నాలుగు జన్యువులు పంపి, దాన్ని పిండ మూలకణం లాంటిదిగా మార్చాడు. మరుసటి ఏడాది మనిషి కణంతోనూ సాధించాడు, 2012లో నోబెల్ అందుకున్నాడు. పిండం గొడవ చాలావరకు తప్పింది కానీ, ఆ నాలుగింటిలో సి-మిక్ అనే జన్యువు క్యాన్సర్‌కు దారితీయగలదు. 2014లో జపాన్‌లోనే ఒక వృద్ధురాలి కంటిలో ఇలాంటి కణాల పొర అమర్చారు. రెండో రోగి కణాల్లో జన్యు మార్పులు కనబడగానే ఆపేశారు. అలా ఆపగలగడాన్ని నేను గొప్పగా చూస్తాను.

ఇక క్లోనింగ్, అంటే ఒక జీవి కణకేంద్రకంతో అచ్చు అలాంటి జీవినే పుట్టించడం. అలా డాలీ గొర్రె 1996లో పుట్టింది. కణకేంద్రకం మార్చిన అండాలు 277, బతికి పుట్టిన పిల్ల ఒక్కటి. 2009లో కర్నాల్‌లో క్లోనింగ్‌తో పుట్టిన మొదటి గేదె దూడ వారం తిరగకముందే చనిపోయింది. ఇన్ని పోగొట్టుకుని మనిషిని తయారుచేస్తామంటే ఒప్పుకునే ప్రశ్నే లేదు. మన మార్గదర్శకాలు కూడా దాన్ని నిషేధించాయి. కొరియాలో హ్వాంగ్ వూ-సుక్ క్లోనింగ్ పిండాల నుంచి మూలకణాలు తీశానని 2004, 2005లో ప్రకటించాడు. ఆ ఫలితాలు బూటకమని తేలింది. తన ప్రయోగశాలలో పనిచేసే యువతుల అండాలు వాడినట్టూ బయటపడింది. పై అధికారి అడిగితే కింద ఉద్యోగి కాదనగలదా?

ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఒకరే అయితే ఈ చిక్కు ఉండదు. పాన్ సున్నం ప్యాకెట్ నొక్కితే చిమ్మి పిల్లల కళ్లలో పడుతుంది. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు మాడి చూపు పోతుంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు బాగున్న కంటి అంచు నుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఎనిమిది, పది తునకలు చేసి, దెబ్బతిన్న కంటిపై మాయ నుంచి తీసిన పలచని పొర పరిచి, దాని మీద జిగురుతో అంటిస్తారు. సున్నం పడ్డ వెంటనే మాత్రం రెప్ప విప్పి, అరగంట ధారగా నీళ్లు పోయాలి. ఆసుపత్రికి పరుగెత్తడం ఆ తర్వాతే, మిగిలిన రేణువులు అక్కడ తీయించాలి.

చివరిగా, అంగడి సంగతి. పక్షవాతానికి, ఆటిజానికి మూలకణాలు ఎక్కిస్తామని లక్షలు అడిగేవాళ్లున్నారు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మజ్జ మార్పిడి తప్ప మిగతావి అనుమతితో మనుషులపై జరిపే పరీక్షలుగా, అంటే ట్రయల్స్‌గానే జరగాలి. బొడ్డుతాడు రక్తం దాచుకోమని కాన్పు వార్డులోనే కాగితాలు చేతికిస్తారు. బిడ్డకు తలసీమియా ఉంటే ఆ రక్తంలోనూ అదే లోపం ఉంటుంది, తనకే తిరిగి ఎక్కిస్తే నయం కాదు. మీ ఇంట్లో ఎవరైనా అలాంటి చోటికి బయలుదేరితే మీరే అడగండి: ఏ కణం, ఎవరి నుంచి తీశారు, సీటీఆర్‌ఐ (ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నమోదు నంబరు ఎంత? నంబరిస్తే ఆ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూడండి. ట్రయల్‌లో చేరినవాళ్ల నుంచి చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. రసీదు రాస్తున్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మీ తాత,
హన్మకొండ