ఆ కొండను ఎక్కడ నిలబడి ఫోటో తీశారు?

ముందు గుట్టలుగా బండరాళ్లు, దూరంగా మబ్బుల సందుల్లోంచి వెలుగు దిగుతున్న సియెర్రా నెవాడా శిఖరం. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1944లో తీసిన మౌంట్ విలియమ్సన్ ఫోటో చూస్తే అక్కడ మనిషి అడుగే పడలేదేమో అనిపిస్తుంది. నిజానికి ఆ పక్కనే మాంజనార్ శిబిరం, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సర్కారు జపాన్ మూలాలవాళ్లను నిర్బంధించిన చోటు. అందులో ముళ్లకంచె వెనక వేలమంది.

శిబిరం ఉన్నది కాలిఫోర్నియాలోని ఓవెన్స్ లోయలో. అక్కడి నుంచి జనాన్ని వెళ్లగొట్టడం అంతకుముందే జరిగింది. పైయూట్ అనే స్థానిక తెగవాళ్లు అక్కడ వాగులకు కాలవలు తీసి బతికేవారు. 1863లో సైన్యం వాళ్లలో దాదాపు వెయ్యిమందిని ఫోర్ట్ టెహోన్ అనే సైనిక స్థావరానికి నడిపించుకుపోయింది. 1910లో ఈ లోయలోనే మాంజనార్ అనే పండ్లతోటల ఊరు వెలిసింది. మాంజనార్ అంటే స్పానిష్‌లో ఆపిల్ తోట. లాస్ ఏంజెలెస్ నగరం 1913లో కాలవ తెరిచి లోయ నీళ్లు తీసుకుపోయింది, ఆ తర్వాత పొలాలు కూడా కొనేసింది. రైతులు వెళ్లిపోయారు, చెట్లు మిగిలాయి.

ఇక జపాన్ నుంచి వలస వచ్చినవాళ్లు. వాళ్లకు అమెరికా పౌరసత్వం ఇవ్వలేదు, 1913 చట్టంతో కాలిఫోర్నియాలో భూమి కొనే హక్కూ లేకుండా చేశారు. (1923లో, పౌరసత్వం కోరిన పంజాబీ వలసదారు భగత్ సింగ్ థిండ్ కేసుతో పౌరసత్వం తలుపు మన భారతీయులకూ మూసుకుంది.) పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి తర్వాత, 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ ఉత్తర్వుపై సంతకం చేశారు. దాంతో జపాన్ మూలాలున్న దాదాపు 1,20,000 మందిని పడమటి తీరం నుంచి దేశం లోపలి శిబిరాలకు పంపారు. మాంజనార్ వాటిలో ఒకటి. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికాలో పుట్టినవాళ్లే. సర్కారు దీనికి ‘తరలింపు’ అని పేరు పెట్టింది. మాంజనార్‌లోలా ఎనిమిది కావలి బురుజుల మధ్య మనుషుల్ని ఉంచడాన్ని నిర్బంధం అనాలి.

అక్కడ ఏం ఫోటో తీయొచ్చో కూడా సర్కారే చెప్పింది. 1942లో ఫోటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ తీసినవాటిని యుద్ధం ముగిసేదాకా తొక్కిపెట్టారు. ఆడమ్స్‌ను బురుజులు, ముళ్లకంచె తీయొద్దన్నారు. ఆయన ఖైదీల ముఖాల్ని ఎంతో గౌరవంగా తీశారు, వాళ్ల తరఫున 1944లో పుస్తకమూ వేశారు. అయినా లోకానికి గుర్తున్నది ఆ కొండే. నాకు బాధ కలిగించేది అదే.

శిబిరంలోనే ఖైదీగా ఉన్న ఫోటోగ్రాఫర్ టోయో మియాటాకె ఒక లెన్స్‌ను దొంగచాటుగా లోపలికి తెచ్చుకున్నారు. వడ్రంగి చేత చెక్కపెట్టె చేయించి, దాన్నే కెమెరాగా వాడారు. తర్వాత అనుమతి దొరికినా, మొదట్లో బటన్ నొక్కాల్సింది తెల్లజాతి మనిషే. ముళ్లకంచె దగ్గర నిలబడ్డ ముగ్గురు పిల్లల ఫోటో ఆయన తీసిందే.

1945 నవంబరులో మాంజనార్ మూసేశారు. వెళ్లేవాళ్ల చేతిలో 25 డాలర్లు, ఒక టికెట్ పెట్టారు. చాలామందికి తిరిగి వెళ్లడానికి ఇల్లు లేదు.