పింఛన్ల ఏరివేత ఎక్కణ్ణుంచి మొదలైందంటే

ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛన్ల నోటీసుల గొడవ తెలిసిందే. 2025 ఆగస్టులో గ్రామ, వార్డు సచివాలయం స్టాఫ్ వచ్చి మీ వైకల్యం పర్సంటేజీ 40 కన్నా తగ్గిపోయింది, పింఛను ఆగిపోద్ది అని కాగితాలు చేతిలో పెట్టారు. గోలయ్యాక సెప్టెంబరు డబ్బులు ఇచ్చేస్తాం, అప్పీలు పెట్టుకోండి అన్నారు. ఎవరి హయాంలో ఎంత పెంచారన్నది అందరికీ నోటికొచ్చిన లెక్కే, దాన్ని వదిలేద్దాం. నన్నడిగితే ఈ గొడవ మూలం 2025లో లేదు, 2024 జూలైలో 3000ని 6000 చెయ్యడంలో కూడా లేదు, 2006లో ఉంది.

అంతకుముందు పింఛనంటే కోటా. 1995 ఆగస్టు 15న కేంద్రం మొదలెట్టిన వృద్ధాప్య పింఛను నెలకి 75 రూపాయలు, అది కూడా రాష్ట్రానికి ఇన్ని అని లెక్కకట్టి ఇచ్చేవాళ్ళు. పైనుంచి పంచుకుంటూ కిందకొచ్చేసరికి పేటకి మిగిలేవి కొన్నే. అర్హత ఉండటం వేరు, లిస్టులో పేరెక్కడం వేరు, కొత్త పేరు ఎక్కాలంటే పాత పేరొకటి పోవాలి, అంటే మనిషి పోవాలి.

ఆ రోజుల్లో మా వీధి ముసలమ్మ ఒకావిడ అర్జీ పట్టుకుని తిరుగుతుంటే, కాస్త చదువుకున్న కుర్రాణ్ణని నన్ను తోడు తీసుకెళ్ళేది. ఏ ఆఫీసో ఇప్పుడెందుకు గానీ విశాఖ నగరంలోనే ఓ మండలాఫీసు. బయట చెట్టుకింద అర్జీలు రాసిపెట్టేవాళ్ళు, లోపల తాళ్ళతో కట్టిన ఫైళ్ళు, గుమాస్తా తలెత్తకుండానే ఎమ్మార్వో గారు క్యాంపులో ఉన్నారు సోమవారం రండి అనడం, సోమవారం వెళ్తే కలెక్టరాఫీసులో మీటింగు. వయసు రుజువు కావాలన్నారు ఓసారి. "జపానోడు బాంబులేసినప్పటికే నాకు పెళ్ళైపోనాది బాబూ" అంది ఆవిడ. అంటే 1942 ఏప్రిల్, విశాఖ మీద బాంబులు పడ్డప్పుడు. నాకైతే అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుందనిపించింది, గుమాస్తాకి మాత్రం డాక్టరు సంతకం కావాలి. సరే అదీ తెచ్చాం. అప్పుడు అసలు మాట చెప్పాడు, ఖాళీ లేదమ్మా అని. తర్వాత ఎప్పుడో ఆవిడే వచ్చి "పాతపోస్టాఫీసు కాడ ఒకాయన పోనాడంట, మరి ఆ ఖాళీ మనకొస్తాదా" అని అడిగింది, ఇంకొకరి చావు కబురు ఆరా తీస్తున్నానన్న సంకోచం కూడా లేకుండా, అలా తయారుచేశారు మనుషుల్ని.

ఆ పద్ధతి మంచిదని ఎవరూ అనరు. లీడరు చీటీ ఉంటే పని త్వరగా అయ్యేది, చేతిలో ఎంతో కొంత పెడితే ఇంకా త్వరగా అయ్యేది. కానీ ఒక్క విషయం, నేను చూసినంతలో ఆ ఆఫీసులో ఎవరూ ఆవిణ్ణి నువ్వు నిజంగా ముసలిదానివేనా, నిజంగా లేనిదానివేనా అని అనుమానించలేదు. ఖాళీ లేదన్నారంతే. ఎన్ని పింఛన్లో ముందే లెక్కకట్టి పెట్టేశారు కాబట్టి లిస్టులో ఉన్నవాళ్ళని ఏరిపారేస్తే సర్కారుకి మిగిలేదేం లేదు, ఒకరు పోతే ఇంకొకరు ఎక్కుతారు, ఖర్చు అంతే.

2006లో ఇది తిరగబడింది. ఇందిరమ్మ కార్యక్రమంలో అర్హులందరికీ ఇవ్వాలన్నారు, సాచురేషన్ అన్న మాట ఆఫీసుల్లో అప్పుడే మొదలైంది, 75 కాస్తా 100 దాటి 200 అయింది. వైఎస్ చేసిన పనుల్లో ఇది పెద్దదే, కాదనను. అయితే దాంతో పాటే ఇంకోటి వచ్చింది, ప్రతి పేరూ ఖజానాకి విడిగా కనపడే ఖర్చైపోయింది. ఇక ఎవరొచ్చినా రేటు పెంచేటప్పుడో పెంచాకో పేర్లు తగ్గించే దారి వెతకడమే. 2014లో 200ని 1000 చేసే ముందు కమిటీలేసి జల్లెడ పట్టారు. 2022 డిసెంబరులో ఆరంచెల పరిశీలన పేరుతో నోటీసులిచ్చారు, కరెంటు 300 యూనిట్లు దాటిందని, సిటీలో వెయ్యి చదరపు అడుగుల ఇల్లుందని, రేషన్ కార్డులో ఉన్న కొడుక్కి గవర్నమెంటు ఉద్యోగమని. పోర్టు, స్టీల్‌ప్లాంటు ఉన్న ఊళ్ళో ఇది ఎంతమందికి తగుల్తుందో చెప్పక్కర్లేదు, ఒకే మీటరు మీద మూడు వాటాలున్న ఇళ్ళు గాజువాకలో, కంచరపాలెంలో ఎన్ని లేవు? జనం కార్డులు విడగొట్టుకున్నారు, ఇంకేం చేస్తారు.

వికలాంగుల సంగతి దీనికి ఇంకో మెలిక. 2010 ప్రాంతంలో సదరం, అంటే వైకల్యం శాతం కొలిచి కంప్యూటర్ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి, వచ్చేదాకా బోర్డు డాక్టర్లు చేత్తో రాసిచ్చిన సర్టిఫికెట్లే. అల్లూరి జిల్లా 2022లో వేరుపడేవరకు పాడేరు, చింతపల్లి, అరకు అన్నీ విశాఖ జిల్లానే, కాలు లేనివాణ్ణి మోసుకుని వంద కిలోమీటర్లకి పైగా ఘాట్ దిగి విశాఖలో పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి రావాల్సి వచ్చేది. సదరం వచ్చాక క్యాంపులు పెట్టారు, శాతం కంప్యూటర్లోకెక్కింది, చాలామందికి శాశ్వతం అని కూడా రాసిచ్చారు. 2025లో మళ్ళీ పరీక్షకి పిలిచింది ఆ శాశ్వతం వాళ్ళని కూడా, గొడవంతా అక్కడే.

సర్కారు వాదన ఏంటంటే దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి, డబ్బులిచ్చి చెవుడు రాయించుకున్నవాళ్ళున్నారు, మంచాన పడ్డవాళ్ళకిచ్చే 15,000 తీసుకుంటూ నడుస్తున్నవాళ్ళున్నారు అని. ఉన్నారు, మనకీ తెలుసు. మరి ఆ సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టిన డాక్టర్ల మాట నోటీసుల్లో ఎక్కడుంది? 60 దాటినవాళ్ళకి ముసలి పింఛను కింద మార్చి 4000 ఇస్తాం అన్నారు, అంటే నెలకి 2000 కోత. 60 లోపు అయితే మొత్తం పోయినట్టే, చిన్నప్పట్నుంచి పోలియో కాలు ఈడ్చుకుంటూ నలభై ఏళ్ళొచ్చిన మనిషికి 42 శాతం ఇచ్చిన డాక్టరు కరెక్టా, 38 ఇచ్చిన డాక్టరు కరెక్టా అన్నది ఆ మనిషి ఎలా తేల్చుకుంటాడు?

అప్పీలు పెట్టుకున్నవాళ్ళు మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళి చూపించుకోవాలన్నారు, చెప్పిన రోజుకి చెప్పిన చోటికి. తోడొచ్చేవాడు ఆ రోజు పని మానుకోవాలి, ఆటో మాట్లాడుకోవాలి. ఆ కూలీ, ఆ ఆటో డబ్బులు ఎవరిస్తారో మాత్రం నోటీసులో రాయలేదు.