కాళ్లు చూడటానికి తవ్విన గొయ్యి

ఐపీఎల్ వచ్చాక డగౌట్ అనే మాట మన నోట్లో నానిపోయింది. క్రికెట్‌లో డగౌట్ అంటే బౌండరీ పక్కన వరసగా వేసిన కుర్చీలు, పైన ఓ కప్పు. ఫుట్‌బాల్‌లో మాత్రం ఒకప్పుడు అది నిజంగానే నేలలో తవ్విన గొయ్యి. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ జట్టు మైదానం పిటోడ్రీలో దాన్ని ఏర్పాటు చేయించింది డొనాల్డ్ కోల్మన్. ఎన్నో ఏళ్లు డిఫెన్స్‌లో కుడివైపు ఫుల్‌బ్యాక్‌గా ఆడిన మనిషి. ఆయనకే ఆ ఆలోచన ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆయన ఆట దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

కోల్మన్ 1878లో రెంటన్‌లో పుట్టారు. లీవెన్ నది ఒడ్డున చిన్న ఊరు, బట్టలకు రంగులద్దే పని మీద బతికిన ప్రాంతం. ఆయనకు పదేళ్లు నిండకముందే, 1888లో, ఆ ఊరి జట్టు స్కాటిష్ కప్ గెలిచింది. ఇంగ్లండ్ కప్ విజేత వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌నూ ఓడించి, ప్రపంచ విజేతలం మేమేనని ప్రకటించుకుంది. అలాంటి ఊళ్లో పిల్లాడికి బంతి పిచ్చి పట్టకుండా ఎలా ఉంటుంది? తండ్రికి మాత్రం ఈ ఆట గిట్టేది కాదు. వాళ్ల అసలు ఇంటిపేరు కనింగ్‌హామ్. ఇంట్లో గొడవ కాకూడదనే కోల్మన్ అన్న పేరుతో ఆడారని చెబుతారు. ఆ పేరే చివరిదాకా నిలిచింది.

హిబర్నియన్, మదర్‌వెల్ క్లబ్‌లలో ఆడాక 1907లో అబర్డీన్ చేరారు. అప్పటికి ఆయనకు ముప్ఫై దగ్గర పడుతున్నాయి. అబర్డీన్ క్లబ్ పుట్టి నాలుగేళ్లే. ఆ వయసులో ఇంకెన్నాళ్లు ఆడతాడని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆయన అక్కడ 13 ఏళ్లు ఉన్నారు, కెప్టెన్ అయ్యారు. 1910-11లో జట్టు స్కాటిష్ లీగ్‌లో రేంజర్స్ క్లబ్ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. ఆ సీజన్‌లోనే, 32 ఏళ్లకు, స్కాట్లాండ్ తరఫున తొలి పిలుపు వచ్చింది. 1911 ఏప్రిల్ 1న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో ఇంగ్లండ్‌తో 1-1 డ్రా అయిన మ్యాచ్‌లో ఆయన ఉన్నారు. మొత్తం ఆడింది 4 అంతర్జాతీయ మ్యాచ్‌లే. నా లెక్కలో ఆయనకు అది చాలా తక్కువ.

1920లో డంబార్టన్ క్లబ్‌కు వెళ్లి, వేసవుల్లో నార్వేలో కోచింగ్ ఇచ్చి, 1931లో ట్రైనర్‌గా అబర్డీన్ తిరిగొచ్చారు. అప్పట్లో ట్రైనర్ అంటే దెబ్బ తగిలితే తడి స్పాంజి పట్టుకుని పరిగెత్తే మనిషి. కోల్మన్ నోట్‌బుక్ కూడా పట్టుకున్నారు. ఆయన చూపంతా ఆటగాళ్ల పాదాల మీదే. ఏ కాలి మీద బరువు వేస్తున్నాడు, బంతి రాకముందు అడుగు ఎలా సర్దుకుంటున్నాడు అని గమనించి రాసుకునేవారు. నాకు ఇందులో పాత ఫుల్‌బ్యాక్ బుద్ధే కనిపిస్తుంది. మైదానం అంచు వెంట దాడికి ఎదురొచ్చే వింగర్ కళ్లతో మోసం చేయగలడు, భుజంతో మోసం చేయగలడు, బరువు మోస్తున్న కాలు మాత్రం దొరికిపోతుంది.

నిలబడి చూస్తే పాదాలు సరిగా కనిపించవు. అందుకే మైదానం పక్క గీత, అంటే టచ్‌లైన్ పక్కన నేలను లోతుగా తవ్వించారు. అందులో కూర్చుంటే కళ్లు దాదాపు గడ్డి ఎత్తుకు వస్తాయి. పిటోడ్రీ సముద్రానికి కూతవేటు దూరం. వానకు కాగితాలు తడవకుండా పైన కప్పు కూడా వేయించారు.

తర్వాత ఇంగ్లండ్‌కు చెందిన ఎవర్టన్ జట్టు పిటోడ్రీకి ఆడటానికి వచ్చి, దీన్ని చూసి తమ మైదానంలోనూ పెట్టించుకుంది. ఆ మైదానం ఏదో కాదు, కోల్మన్ 1911లో ఇంగ్లండ్‌పై ఆడిన గుడిసన్ పార్కే. అక్కడి నుంచి అది మిగతా క్లబ్‌లకు పాకింది.

ఆ రోజుల్లో లైన్ పక్కన కూర్చున్నవాళ్లు అరిచి సూచనలివ్వడానికి రూల్స్ ఒప్పుకునేవి కావు. గీతలు గీసి టెక్నికల్ ఏరియా ఇచ్చింది 1993లోనే. ఇప్పుడు కోచ్‌లు అందులో నిలబడి, చేతులు ఊపుతూ జట్టును నడిపిస్తున్నారు. కింద నుంచి ఆట మొత్తం కనపడదని చాలా స్టేడియాల్లో కోచ్‌ల సీట్లను పైకి, ప్రేక్షకుల మధ్యకు మార్చేశారు. వాళ్లకు కావాల్సింది పదకొండు మంది ఎక్కడెక్కడ ఉన్నారన్నది. 1942లో కన్నుమూసిన కోల్మన్‌కు కావాల్సింది ఒక్కొక్కరి అడుగు.