కిక్కిస మడుల్లో బురద ఆరే లెక్క: అపోహలు - వాస్తవాలు

కిక్కిస మడి అంటే కంకర పరచి కిక్కిస (రెల్లు లాంటి గడ్డి) నాటిన మడి. మురుగునీటి శుద్ధిలో మిగిలిన పలుచని బురదను దాని మీద పోసి ఆరబెడతారు. అది ఎలా ఆరుతుందో ముందే చెప్పే లెక్కల పద్ధతినే ఇక్కడ మోడల్ అంటున్నాం.

అపోహ: నీళ్లు లాగేసేది మొక్కలే. ఆవిరి లెక్క కుదిరితే మోడల్ కుదిరినట్టే.

వాస్తవం: 1 శాతం ఘనపదార్థం ఉన్న బురద టన్ను తీసుకోండి. ఘనం 10 కిలోలు, నీరు 990. అది 5 శాతానికి చిక్కబడేసరికే 800 కిలోల నీరు పోతుంది. 20 శాతానికి ఇంకో 150. అక్కడి నుంచి 40 శాతానికి పోవాల్సింది 25 కిలోలే! మొదటి పెద్ద వాటా కంకర గుండా కారిపోయేదే, అదీ చాలావరకు ఒకటి రెండు రోజుల్లో. చదరపు మీటరుకు ఏడాదికి 60 కిలోల ఘనం అంటే ఈ బురద 6 మీటర్ల ఎత్తు పోసినట్టు. అంత నీటిని ఏ మొక్కా ఆవిరి చేయలేదు. మొక్కలు పనికొచ్చేది చివరి వాటాకు. గాలికి ఊగే కాండాల చుట్టూ నీరు దిగే సందులు తెరుచుకుని ఉండటం అంతకన్నా పెద్ద సాయం.

అపోహ: ల్యాబ్‌లో కొలిచిన వడపోత నిరోధాన్ని (నీరు కారిపోకుండా బురద ఎంత అడ్డుకుంటుందో చెప్పే విలువ) మోడల్‌లో అలాగే వేసేయొచ్చు.

వాస్తవం: ఎక్కువ మోడళ్లు బోల్తాపడేది ఇక్కడే. ల్యాబ్ పరీక్ష తరచూ 50 కిలోపాస్కల్ దగ్గర జరుగుతుంది. మడిలో 10 సెంటీమీటర్ల బురద ఇచ్చే ఒత్తిడి సుమారు 1 కిలోపాస్కల్. బురద నొక్కితే బిగుసుకుంటుంది. ఒత్తిడితో నిరోధం ఎంత పెరుగుతుందో చెప్పే సంపీడ్యత ఘాతం 0.8 అయితే (50కి 0.8 ఘాతం) ల్యాబ్ విలువ దాదాపు 23 రెట్లు ఎక్కువ. ఒక్క రోజులో కారే నీటికి మూడు వారాలు పడుతుందని మోడల్ చెబుతుంది. దాన్ని సరిచేయడానికి ఇంకేదో గుణకాన్ని తిప్పుతారు. తక్కువ ఒత్తిడిలోనే కొలవండి. పైగా మట్టం దిగేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి స్థిర ఒత్తిడి సూత్రం చెల్లదు. గంటగంటకూ మట్టం మార్చుకుంటూ లెక్కించాలి. అడుగున పాత పొర నిరోధం కూడా ఏటా మారుతుంది.

అపోహ: మట్టిలో నీటి కదలికను లెక్కించే రిచర్డ్స్ సమీకరణం ఒక్కటి చాలు.

వాస్తవం: అది కుంచించుకోని, ఉబ్బని మట్టికి. ఆరిన బురద కుంచించుకుని బీటలు వారుతుంది. వాన నీరు ఆ బీటల్లోంచి నేరుగా కిందికి జారుతుంది. బీటలకు, వాటి మధ్య ఉన్న బురద ముద్దకు విడివిడి ప్రవాహాలు పెట్టండి.

అపోహ: పోసిన ఘనాన్ని బట్టి మడి ఎత్తు చెప్పొచ్చు.

వాస్తవం: సేంద్రియ భాగం కుళ్లి తగ్గిపోతుంది. 60 కిలోల్లో 70 శాతం సేంద్రియమై, అందులో 40 శాతం పోతే మిగిలేది 43 కిలోలే. తగ్గకుండా నిలిచేది బూడిద, అంటే కాల్చినా మిగిలే ఖనిజ భాగం. లెక్క దానితోనే సరిచూడండి. నమూనాలు పైపైన కాకుండా ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకు ఒకటి తీయాలి. బురద పోసిన మొదటి రోజు కారే నీటిని 10 నిమిషాలకోసారి కొలవాలి, ఆ తర్వాత గంటకోసారి చాలు.