జెర్బిల్స్: జంట కొనే ముందు, పిల్లలు కావాలనుకునే ముందు

బ్రిటన్‌లో జెర్బిల్స్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువులు) పెంచుతున్నాను, అప్పుడప్పుడు పిల్లల్ని కూడా పెట్టిస్తాను. ఇక్కడి తెలుగువాళ్లు నన్ను అడిగేవాటిలో సగానికి పైగా ఈ కింది మాటలే.

అపోహ: ఒక మగది, ఒక ఆడది ఉంటేనే సంతోషంగా ఉంటాయి.

వాటికి తోడు కావాలి, నిజమే. ఒంటరిగా ఉంచకూడదు. కానీ ఆ తోడు ఒకే ఈతలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ములో, అక్కచెల్లెళ్లో అయితే చాలు. కొత్తవాళ్లకు నేను రెండు మగవాటినే సూచిస్తాను. ఆడవి ముగ్గురు నలుగురు కలిసి ఉంటే ఒకనాడు హఠాత్తుగా ఒకదాన్ని వెలివేస్తాయి, చంపేదాకా కొరుకుతాయి.

అపోహ: ఇంట్లో పిల్లలు చూస్తారు కదా, ఒక్క ఈత పెట్టిస్తే ఏమవుతుంది?

ఒక్క ఈతతో ఆగదు, చిక్కంతా అక్కడే. చూలు 24 నుంచి 26 రోజులు. ఈనిన కొన్ని గంటల్లోనే ఆడది మళ్లీ జతకడుతుంది. మొదటి పిల్లలకు పాలిస్తుంటే రెండో చూలుకు 40 రోజుల దాకా పట్టొచ్చు, కానీ అవీ పుడతాయి. పోనీ మగదాన్ని తీసేద్దామా అంటే, పిల్లల్ని వెచ్చగా కప్పుకుని కూర్చునేది తండ్రి కూడా. పైగా ఎక్కువ రోజులు విడదీస్తే ఒకదాని వాసన ఒకటి మర్చిపోయి, కలిపినప్పుడు కొట్టుకుంటాయి. అందుకే ఒక జంటను కలిపేటప్పుడు నేను రెండు ఈతల లెక్కే వేసుకుంటాను. ఈతకు సగటున ఐదు చొప్పున పది పిల్లలు. ఎనిమిది వారాలు నిండేలోపు మగవాటిని, ఆడవాటిని వేరు చేయాలి, లేకపోతే అన్నాచెల్లెళ్లే జతకడతాయి. అంటే వాటిని ఉంచడానికి అదనంగా కనీసం రెండు గాజు ట్యాంకులు కావాలి. ఇంటికి తీసుకెళ్తామన్నవాళ్లు చివర్లో "వెకేషన్‌కి వెళ్తున్నాం" అంటే ఆ పిల్లలు మన దగ్గరే మూడు నాలుగేళ్లు బతుకుతాయి. ఉంచుకోగలిగితేనే మొదలుపెట్టండి. ఇంగ్లండ్‌లో పెంపుడు జంతువుల్ని వ్యాపారంగా అమ్మాలంటే 2018 నిబంధనల ప్రకారం లైసెన్స్ కూడా కావాలి.

ఏ రెండింటిని కలుపుతున్నామన్నది ఇంకో సంగతి. కొన్ని వంశాల్లో మూర్ఛ వస్తుంది. పట్టుకోగానే బిగుసుకుపోయి వణుకుతాయి. చాలావాటికి వయసుతో తగ్గుతుంది, అయినా వాటితో పిల్లల్ని పెట్టించకూడదు. తెల్ల మచ్చలవి ముద్దుగా ఉంటాయని మచ్చలున్న రెండింటిని కలుపుతారు. మచ్చల జన్యువు తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ అందిన పిండాలు కడుపులోనే పోతాయి, సగటున నాలుగింట ఒకటి. మచ్చలున్నదానికి మచ్చల్లేని జత చూడాలి.

అపోహ: మనిషి ముట్టుకుంటే తల్లి పిల్లల్ని తినేస్తుంది.

తల్లి మామూలుగా తినేది చచ్చిపోయిన పిల్లల్ని, లేదా బాగా బెదిరిపోయినప్పుడు. మనిషికి అలవాటుపడ్డ తల్లయితే చేయి తగిలినంత మాత్రాన ఏమీ కాదు. అయినా మొదటి కొన్ని రోజులు గూడు కదపకండి, వీడియో కాల్‌లో తాతయ్య అమ్మమ్మలకు చూపించడానికైనా సరే.

అపోహ: ఒకటి చనిపోతే ఇంకోటి తెచ్చి పక్కన వదిలితే కలిసిపోతాయి.

ఇది ప్రాణాల మీదకు తెచ్చే సలహా. ట్యాంకు మధ్యలో గట్టి మెష్ పెట్టి, చెరోవైపు ఒకదాన్ని ఉంచి, రోజుకు కొన్నిసార్లు వైపులు మార్చాలి. ఒకదాని గూట్లో ఇంకోటి పడుకోవాలి, ఒకదాని వాసన ఇంకోదానికి పట్టాలి. దీనికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మెష్ తీసిన రోజు సెలవు పెట్టుకుని ఎదురుగా కూర్చోండి, చేతికి మందపాటి గ్లవ్స్ వేసుకుని.

అపోహ: ఎడారి జంతువు, నీళ్లు అక్కర్లేదు, ఎండ తట్టుకుంటుంది.

నీళ్లు ఎప్పుడూ ఉండాలి, తక్కువ తాగుతుంది, అంతే. ఇవి మంగోలియా, ఉత్తర చైనా ప్రాంతాల పొడి నేలల జీవులు. 1935లో పట్టుకున్నవాటి సంతతిని జపాన్‌లో పెంచారు. 1954లో అందులోంచి 11 జంటలు ప్రయోగశాల కోసం అమెరికా చేరాయి. మన ఇళ్లలో ఉన్నవాటిలో చాలావరకు ఆ వంశమే. పొడిగాలి, కలుగులో చల్లదనం వాటికి అలవాటు. గాలిలో తేమ 50 శాతం దాటితే బొచ్చు జిడ్డుగా అట్టకట్టుకుపోతుంది. విశాఖపట్నంలో మే నెల ఉక్కపోతలో పెంచాలనుకునేవాళ్లకు నా సమాధానం ఒకటే, వద్దు.

అపోహ: తోక పట్టుకుని ఎత్తొచ్చు.

తోక చర్మం ఊడి చేతికొస్తుంది. మళ్లీ పెరగదు. దోసిట్లోకి తీసుకోవాలి.

అపోహ: హ్యామ్‌స్టర్ (ఇలాంటిదే ఇంకో చిన్న పెంపుడు జంతువు) కేజ్ సరిపోతుంది.

తవ్వడం వాటి బతుకు. గాజు ట్యాంకులో కనీసం 25–30 సెంటీమీటర్ల మందాన, కలుగు కూలిపోకుండా నిలిచే బెడ్డింగ్ (అడుగున పరిచే పొట్టులాంటిది) వేయాలి, మధ్యలో గడ్డి కలిపితే బాగా నిలుస్తుంది. దేవదారు పొట్టు మాత్రం వద్దు, ఆ ఘాటు ఊపిరితిత్తులకు మంచిది కాదు. దాక్కోవడానికి కలుగు దొరకనివి మూలలో గాజును గంటల తరబడి గీకుతుంటాయి. చాలామంది దాన్ని ఆట అనుకుని నవ్వుతారు.

అపోహ: పెట్ షాప్ జంతువే కదా, ఎక్కడైనా పెంచుకోవచ్చు.

కాలిఫోర్నియా, హవాయిలలో జెర్బిల్స్ పెంచడం నిషేధం. తప్పించుకుంటే అక్కడి వాతావరణంలో స్థిరపడి పంటల్ని పాడుచేస్తాయని భయం. ఆస్ట్రేలియాలోనూ కుదరదు. టెక్సస్ నుంచి కాలిఫోర్నియాలోని బే ఏరియాకి ఉద్యోగం మారేవాళ్లు ఆఫర్ లెటర్ చేతికి రాగానే వాటికి వేరే ఇల్లు వెతకడం మొదలుపెట్టాలి, రెండూ కలిసి వెళ్లే ఇల్లు.