గుహ దగ్గర షరతులు ఎలా పెరిగాయి?

అమెరికాలోని చాలా జాతీయ ఉద్యానాల్లో అడవి చూడడానికి వెళ్లినవారు కాలిబాట పట్టుకొని తమ ఇష్టప్రకారం తిరగవచ్చు. అదే ఉద్యానంలో గుహ ఉంటే అక్కడ పద్ధతి మారిపోతుంది. ముందే టికెట్టు తీసుకోవాలి, చాలా చోట్ల గైడు వెంటే నడవాలి, గోడను ముట్టుకోకూడదు. ఇదంతా అధికారుల చాదస్తమని విసుక్కునేవారు అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఉన్న మామత్ గుహ చరిత్ర ఒకసారి చదవాలి. ఇప్పటికి 680 కిలోమీటర్లకు పైగా కొలిచిన ఈ గుహ ప్రపంచంలోకెల్లా పొడవైనది. మనుషులు ఒక గుహను ఎన్ని రకాలుగా పాడుచేయగలరో అన్నీ ఇక్కడ చేసి చూశారు.

అమెరికా, బ్రిటన్‌ల మధ్య జరిగిన 1812 యుద్ధకాలంలో బానిసల చేత ఈ గుహ మట్టి నుంచి సురేకారం తీయించి, తుపాకీ మందు తయారీకి పంపారు. యుద్ధం ముగిసి ఆ గిరాకీ పడిపోయాక యజమానుల కన్ను యాత్రికుల మీద పడింది. 1838లో స్టీఫెన్ బిషప్ అనే బానిస యువకుణ్ణి గైడుగా పెట్టారు. అడుగులేని అగాధమని అందరూ ఆగిపోయిన గోతిని అతను దాటాడు. ఆవల నదులు, వాటిలో కళ్లులేని చేపలు కనిపించాయి. 1842లో జ్ఞాపకం మీదే గుహ పటం గీశాడు. గుహకు పేరు తెచ్చిన ఆ మనిషికి విముక్తి 1856లో గాని దొరకలేదు. మరుసటి ఏడాదే చనిపోయాడు.

గుహతో పాటు బిషప్‌ను కూడా కొన్న డాక్టర్ జాన్ క్రోగన్‌కు మరో ఆలోచన వచ్చింది. లోపలి గాలి ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి క్షయ నయమవుతుందని నమ్మి, 1842లో రోగులను తెచ్చి గుహలోనే గుడిసెల్లో ఉంచాడు. పొయ్యిల పొగ, దీపాల మసి మధ్య వారి పరిస్థితి ఇంకా దిగజారింది. కొందరు అక్కడే కన్నుమూశారు. క్రోగన్ కూడా 1849లో క్షయతోనే పోయాడు. ఆ రాతి గుడిసెలు రెండు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

ఆ కాలపు యాత్రికులు కొవ్వొత్తిని కర్ర చివర కట్టి, మసితో పైకప్పు మీద పేర్లు రాసుకునేవారు. నేటికీ అవి చదవడానికి వీలుగా ఉన్నాయి. చెట్టు మీద చెక్కిన పేరు ఏనాటికైనా చెట్టుతో పాటే పోతుంది. ఎండా వానా తగలని గుహలో మసి గీత సైతం అలాగే ఉండిపోతుంది. షరతులన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1920ల నాటికి చుట్టుపక్కల గుహల యజమానుల మధ్య పోటీ పోట్లాటగా మారింది. రోడ్డు మీద వచ్చే కార్లను ఆపి, అబద్ధాలు చెప్పి తమ గుహకు మళ్లించుకునేవారు. 1925 జనవరి 30న ఫ్లాయిడ్ కాలిన్స్ అనే అన్వేషకుడు, జనాన్ని రప్పించగల కొత్త గుహ కోసం వెతుకుతూ, కాలి మీద బండ పడి ఇరుక్కుపోయాడు. పత్రికలు, రేడియో ఆ వార్తను దేశమంతా మోగించాయి. రెండు వారాలు దాటాక అతని శవం దగ్గరికి చేరగలిగారు. మరుసటి ఏడాది మామత్ గుహ జాతీయ ఉద్యానానికి అమెరికా చట్టసభ కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది, 1941లో అది ఏర్పడింది. అందుకోసం వందలాది కుటుంబాలు ఇళ్లూ పొలాలూ వదులుకోవలసి వచ్చింది. ఇవాళ సందర్శకులు ఆదిమ అరణ్యమనుకొని మురిసిపోయే అడవిలో చాలా భాగం ఆ పొలాల్లో తిరిగి పెరిగినదే.

పేర్లు రాయడం ఆపితే సరిపోదని తర్వాత తెలిసింది. విద్యుద్దీపాల వెలుగుకు గుహ గోడల మీద నాచు పెరుగుతుంది. న్యూమెక్సికోలోని కార్ల్స్‌బాడ్ గుహల్లో సందర్శకుల బట్టల నుంచి రాలిన నూలుపోగులను, వెంట్రుకలను స్వచ్ఛంద కార్యకర్తలు బ్రష్షులతో ఏరి తీస్తారు. వియత్నాంలోని ఫోంగ్ నా - కే బాంగ్ ఉద్యానం ఇంకా ముందే జాగ్రత్తపడింది. లోపలే అడవి పెరిగిన సన్ డూంగ్ గుహకు ఏడాదికి సుమారు వెయ్యిమందినే పంపుతున్నారు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ గబ్బిలాలకు తగిలింది. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక గుహలో శీతనిద్రలో ఉన్న గబ్బిలాల ముక్కుల మీద తెల్లని బూజు కనిపించింది. అది పట్టిన గబ్బిలం చలికాలం మధ్యలో పదేపదే మేలుకొని, ఒంట్లోని కొవ్వు కరిగిపోయి, తిండి దొరక్క చనిపోతుంది. 57 నుంచి 67 లక్షల గబ్బిలాలు పోయాయని అమెరికా వన్యప్రాణి విభాగం 2012లో అంచనా వేసింది. ఈ బూజు ఐరోపా, ఆసియాల్లో ముందునుంచీ ఉన్నదే. అమెరికాకు మనుషులే మోసుకొచ్చి ఉంటారని శాస్త్రవేత్తల అనుమానం. ఒక గబ్బిలం నుంచి మరోదానికి తేలిగ్గా అంటుకుంటుంది, బూట్లకు పట్టిన మట్టిలోనూ బతుకుతుంది. 2013లో మామత్‌కూ చేరింది. అందుకే అక్కడ గుహ చూసి బయటికి వచ్చేవారిని సబ్బు ద్రావణంలో తడిపిన చాపల మీద నడిపిస్తారు. వేరే గుహలో వాడిన బూట్లను, బట్టలను ఇక్కడికి తేవద్దంటారు. గుహల యాత్ర పెట్టుకున్నవారు ఇంకో జత బూట్లు వెంట తీసుకెళ్లడం మంచిది.